కర్పూరం పట్టిన పొడి

మిషన్ దగ్గరికి వెళ్లాల్సిన రోజు పొద్దున్నే మా అత్తయ్య గుమ్మంలో అరచెయ్యి చాపి నిలబడేది. "పిన్నీసులు తీసీసినావా? ఇలా ఇయ్యి," అనేది. చున్నీకి రెండు భుజాల దగ్గరా పెట్టుకున్నవీ, సూత్రాల గొలుసుకి ఎప్పుడూ వేలాడుతుండేవీ తీసి ఆ చేతిలో పోసేదాన్ని. వాటిని ఆమె తన కొంగు అంచుకి వరసగా గుచ్చుకునేది. సాయంత్రం నేను వచ్చి చెప్పులు విప్పగానే ఒక్కొక్కటీ తీసి ఇచ్చేది. ఇలా చెయ్యాలని ఎవరూ అనుకున్నది కాదు, దానంతటదే అలవాటైపోయింది.

దానికి కారణం ఉంది. నేను పనిచేసే మిషన్ అంటే ప్రధానంగా ఒక పెద్ద అయస్కాంతం. చూడ్డానికి మేడ మీది నీళ్ల ట్యాంకులా అమాయకంగా ఉంటుంది గానీ, ఇనుప వస్తువు దగ్గరికొస్తే ఊరుకోదు. మొదటిసారి వెళ్లినప్పుడు సెల్లూ, వాచీ, పర్సూ అన్నీ బయట పెట్టాను గానీ సూత్రాలకున్న పిన్నీసుల సంగతి మర్చిపోయాను. అయస్కాంతం పక్కన వంగానో లేదో, గొలుసు నా మెడ మీంచి మెల్లగా లేచి అటువైపు సాగింది. మిషన్ చూసే ఆయన కేక పెట్టాడు. నేను నాలుగడుగులు వెనక్కి దూకాను.

ఇంటికొచ్చి ఈ ముచ్చట చెప్తే అత్తయ్య బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మో! పుస్తెలు లాగే మిషనేటి? బంగారం కూడా లాగేత్తాదా?"

"బంగారం కాదండీ, ఇనుమే," అన్నాను.

"అలాగైతే మీ నాన్న పనిసేసిన స్టీల్ ప్లాంటు కాడ ఎట్టుకోమను, దానికి సేతినిండా పని," అని నవ్వింది. అప్పట్నుంచీ పిన్నీసుల బాధ్యత ఆవిడే తీసుకుంది.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి విశాఖపట్నం వచ్చాడు. నేను అక్కడి క్వార్టర్స్‌లో పుట్టి పెరిగాను. మా ఆయనది తగరపువలస దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం, తను పోర్టులో క్రేన్ నడుపుతాడు. మామయ్య పోయాక అత్తయ్య ఊళ్లో ఒక్కతే ఎందుకని కంచరపాలెంలో మా అద్దె ఇంటికి తీసుకొచ్చేశాం. నా అండీలూ ఆయ్‌లూ ఆవిడకి వేళాకోళం. ఎవరైనా చుట్టాలొస్తే నా చేత కావాలని రెండు మాటలు మాట్లాడించి, "సూసినారా, మా గోదారి కోడలు పాలవోడికి కూడా మర్యాదే," అని మురిసిపోయేది.

పాలవాడికి మర్యాద చేస్తాను గానీ నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. అది మా వంశంలోనే ఉంది. ఆటో అతను ఎక్కువ అడిగితే కోపం, మా ఆయన తడి తువ్వాలు మంచం మీద పడేస్తే కోపం, మా అమ్మ బీపీ మాత్ర మర్చిపోతే మరీ కోపం. ఫోన్లో మా అమ్మని నేను ఎడాపెడా వాయించేస్తుంటే అత్తయ్య పప్పు ఏరుతూ చెవులు ఇటే పెట్టి వినేది. ఫోన్ పెట్టేశాక, "అమ్మనలా తిడతాదేటి ఈ పిల్ల!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆవిడ్ని మాత్రం నేను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. అత్తగారు కదా, అనకూడదు అనుకునేదాన్ని.

నా పరిశోధన సంగతి ఆవిడకి చెప్పింది కూడా ఆ పప్పు ఏరే చాప మీదే. ఒకసారి నా బ్యాగులోంచి చిన్న గాజు సీసా తీసి వెలుతురుకి పెట్టి చూసింది. లోపల పసుపుపచ్చని పొడి. "పసుపులాగున్నాది. ఏటిది?" అంది. అప్పట్నుంచీ మా ఇంట్లో దాని పేరు "నీ పసుపు."

ఆవిడకి చెప్పినట్టే మీకూ చెప్తాను. ఆ పొడిలో ప్రతి రేణువూ కంటికి కనపడని గదుల సముదాయం. మూలల్లో లోహం అణువులు స్తంభాల్లా ఉంటాయి. వాటిని ఒకదానితో ఒకటి కలుపుతూ కర్బనంతో చేసిన దూలాలు ఉంటాయి. మధ్యలో అంతా ఖాళీ. ఆ ఖాళీలోకి ఆవిరి రూపంలో ఏదొచ్చినా వెళ్లి కూర్చుంటుంది. అందుకే లోకం అంతా ఈ పొడుల వెంట పడింది. నేను స్తంభాలకి ఒక లోహం కాకుండా రెండు వాడాను, మెగ్నీషియమూ జింకూ. ఇప్పుడు ప్రశ్న ఏమిటంటే, ఆ రెండూ పక్కపక్కనే కలగలిసి ఉన్నాయా, లేక దేని గుంపు దానిదేనా?

మా క్వార్టర్స్‌లో గోదావరి వాళ్లు, కృష్ణా వాళ్లు, శ్రీకాకుళం వాళ్లు ఉండేవారు. మొత్తం మీద ఎవరెంతమందో చెప్పడం సులువు. కానీ గోదావరి వాళ్ల పక్క వాటాలో ఎవరున్నారో, కూర గిన్నెలు ఎవరింటి నుంచి ఎవరింటికి వెళ్తున్నాయో చెప్పాలంటే ప్రతి గుమ్మం దగ్గరా నిలబడి అడగాలి. మా మిషన్ చేసే పని అదే. ఒక్కో అణువునీ నీ పక్కన ఎవరున్నారని అడుగుతుంది.

అత్తయ్య అంతా విని, "పక్కింటోల్లెవరో తెలుసుకోడానికి అంత మిషనా? నన్నడిగితే సెప్పనా, ఈ ఈదిలో ఎవులెవులున్నారో!" అంది. నవ్వలేక చచ్చాను.

కానీ ఒక చిక్కుంది. ఆ గదులు ఖాళీగా ఉంటేనే మిషన్ సరిగ్గా జవాబు చెప్తుంది. మా ఊరి గాలి సంగతి తెలిసిందే కదా, వంటింట్లో ఉప్పు నీరు కారిపోతుంది, అగ్గిపుల్ల గీస్తే మెత్తగా విరిగిపోతుంది. ఆ గాలి కాసేపు తగిలితే చాలు, పొడి తేమంతా తాగేసి కూర్చుంటుంది. అందుకని దాన్ని వేడి చేసి, పంపు పెట్టి లోపలున్నదంతా లాగేసి, బయటి గాలి సోకకుండా దాచుకోవాలి. "గాలి తగలకూడదు, గాలి తగలకూడదు" అని నేను ఇంట్లో ఎన్నిసార్లు గొణిగానో లెక్కలేదు. అత్తయ్యకి ఆ మాట కంఠతా వచ్చేసింది.

మిషన్ మా డిపార్ట్‌మెంటులో లేదు. మాది సముద్రం వైపు. మిషన్ ఉన్న సంస్థ ఊరికి ఇంకో కొసన, గాజువాక దాటాక. దాని మీద స్లాటు దొరకాలంటే నెలల తరబడి మెయిళ్లు పెట్టి బతిమాలుకోవాలి. ఆ ఏడాది వానలు మొదలయ్యాక దొరికింది. పొద్దున్నే హాజరవ్వాలి, మా డిపార్ట్‌మెంటు తలుపులేమో అంత పొద్దున్న తియ్యరు. ఇల్లు దారిలోనే కాబట్టి ముందురోజు సాయంత్రమే సీసాలు ఇంటికి తెచ్చేసుకున్నాను. స్టీలు టిఫిన్ బాక్సులో తేమ పీల్చే నీలం గుళికలు పోసి, సీసాల మూతలు కాస్త వదులుగా తిప్పి, అందులో నిలబెట్టి అలమారలో పెట్టాను. గుళికలు పనిచెయ్యాలంటే సీసా మూత బిగించెయ్యకూడదు.

మర్నాడు అత్తయ్య చేతిలో పిన్నీసులు పోసి, టిఫిన్ బాక్సు పట్టుకుని బస్సెక్కాను. వాన. కిటికీ రేకులు దించినా నీళ్లు ఒళ్లోకి కారుతున్నాయి. బాక్సుని కొంగు కింద చంటిపిల్లని దాచుకున్నట్టు దాచుకుందామంటే నాకు ఉన్నది చున్నీ, దానికి పిన్నీసులు లేవు, అది జారిపోతూనే ఉంది. పక్క సీటులో ఆవిడ "ఏటమ్మా, సద్దన్నమా? మాకూ ఎట్టు," అని ఆటపట్టించింది.

అక్కడ పొడిని నింపేది తేమ లేని గాజు పెట్టెలో. పెట్టెకి బిగించిన రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి పనిచెయ్యాలి. పొడిని ఎక్కించేది రోటర్ అనే పింగాణీ గొట్టంలోకి, నా చిటికెన వేలి గోరు కంటే కాస్త పొడుగు. చిటికెడు పొయ్యాలి, సన్నటి కడ్డీతో అణచాలి, మళ్లీ చిటికెడు. జాడీలోకి ఆవకాయ కుక్కినట్టే, మధ్యలో ఎక్కడా ఖాళీ ఉండకూడదు. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అయితే లోపల తిరిగేటప్పుడు ఊగిపోయి పగిలిపోతుంది. తిరగడమంటే మామూలు తిరగడం కాదు, సెకనుకి వేల చుట్లు, ఒరిగిన బొంగరంలా ఒక పక్కకి వాలి. అప్పుడు సన్నగా ఈల వినిపిస్తుంది. ఈల నిలకడగా ఉంటే అంతా బాగున్నట్టు. ఆ రోజు ఈల ఎంత బాగుందంటే, మిషన్ చూసే ఆయన కూడా "చెయ్యి తిరిగిందమ్మా నీకు," అన్నాడు. పొంగిపోయాను.

తెర మీద కర్బనం గీతలు, ఒక్కో రకం అణువుకి ఒక్కో చోట, ఒక్కొక్కటే లేచాయి. రావాల్సిన చోట రావాల్సినవి వచ్చాయి. ప్రాణం లేచొచ్చింది. అంతలో కుడివైపు, అసలు ఏమీ ఉండకూడని చోట, ఒక గుంపు లేచింది. మళ్లీ ఎడమ పక్క చివర్న, దిక్కూ మొక్కూ లేని చోట, రెండు చిన్న గీతలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. ఇంకో రోటర్ పెట్టాం, అందులోనూ అంతే. ఆయన నా వైపు చూసి, "ఏం కలిపారమ్మా ఇందులో?" అన్నాడు.

"ఏమీ కలపలేదండీ," అన్నాను. స్లాటు అయిపోయింది. ఆ తర్వాత ఆ మిషన్ మరమ్మతుకని ఆపేస్తున్నారు. నా గడువేమో దగ్గర పడుతోంది. తిరుగు బస్సులో ఏడ్చానని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

మర్నాడు మా గైడు మేడం ఆ గీతల కాగితాలు చాలాసేపు చూసింది. తర్వాత సీసాలో మిగిలిన పొడి తెమ్మంది. మూత తీసి, వాసన చూసి, నా మొహంలోకి చూసి, "గుడికేమైనా వెళ్లొచ్చావా?" అంది. నేను తెల్లబోయి చూశాను. సీసా నా ముక్కు దగ్గర పెట్టింది. కర్పూరం! సన్నగా, కానీ స్పష్టంగా. ఆ గదుల నిండా కర్పూరమే. కర్పూరం గీతలున్న పాత పుస్తకం తీసి పోల్చి చూస్తే ఒక్కో గీతా సరిపోయింది.

ఇంటికి ఎలా వచ్చానో తెలీదు. తడిసిన చెప్పులు గుమ్మంలో విసిరేసి, వంటింటి గడప మీద కూలబడి మొదలుపెట్టాను. "ఎవరో నా పొడికి కర్పూరం పట్టించారండీ! నా కష్టమంతా గంగలో కలిపేశారు! ల్యాబ్‌లో దేవుడి పటం దగ్గర వెలిగించే మహానుభావుడు ఎవడో, వాణ్ని పట్టుకుని..." ఇలా నోటికొచ్చినట్టు తిడుతున్నాను. అత్తయ్య నాకు వీపు పెట్టి చారు తిరగమోత వేస్తోంది. ఆవాలు చిటపటలాడుతుండగానే పొయ్యి ఆపేసింది.

"ఎవులో కాదమ్మా. నానే."

నాకు అర్థం కాలేదు.

"ఆ సాయంత్రం వాన జోరు సూసి, నీ టిపినీ బాక్సు మూత కదిపి సూసినాను. వొదులుగా ఉన్నాది. గాలి తగలకూడదని నువ్వు సెప్తావు కదా. ఇంట్లో గాలి దూరని డబ్బా నా కర్పూరం డబ్బా ఒక్కటే. కర్పూరం ఎగిరిపోకుండా అందులోనే ఎడతాను, రబ్బరు సుట్టున్నాది దానికి. సీసాలు తీసి అందులో ఎట్టీసినాను. పసుపులాగే ఉన్నాది కదా, దేవుడి అరలో ఉంటే మంచిదే అనుకున్నాను. తెల్లారగట్ల తీసి మల్లీ నీ బాక్సులో సర్దీసినాను. సీసాల మూతలు కూడా వొదులుగా ఉంటే బిగించినాను, పొద్దున్న."

అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. నా కోపం ఉందే, అది గొంతు దాకా తన్నుకొచ్చింది. నన్నొక్కమాట అడగొచ్చు కదండీ అని అరవబోయాను. తలెత్తితే ఆవిడ మొహం కనిపించింది. నోరు నొక్కేసుకున్నాను. "పర్లేదండీ," అన్నాను. "మీకు తెలీదు కదండీ. పర్లేదండీ." లేచి వెళ్లి మొహం కడుక్కున్నాను. అన్నం తినేటప్పుడు కూడా "చారు బాగుందండీ" అన్నాను. ఎంత మర్యాద!

ఉదయం నేను లేచేసరికి ఆవిడ లేదు. షిఫ్ట్ దిగి వచ్చిన మా ఆయన గుమ్మంలోనే చెప్పాడు. "అమ్మ తగరపువలస ఎల్లిపోయింది, అక్క ఇంటికి. బస్టాపులో కనిపించింది. ఏటైంది మీ ఇద్దరికీ?"

"ఏమీ అవ్వలేదు. నేను ఒక్క మాట కూడా అనలేదు," అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు ఒక్క మాట కూడా అనలేదా? అయితే ఏదో పెద్దదే అయ్యుంటాది," అన్నాడు. ఆ మాటకి ఆయన్ని మాత్రం బాగానే తిట్టాను.

దేవుడి అరలో కర్పూరం డబ్బా శుభ్రంగా తోమి బోర్లించి ఉంది. ఫోన్ చేస్తే, "ఒంట్లో బాగోలేదమ్మా, కొన్నాల్లు ఉండి వొత్తాను," అంది. ఎప్పుడొస్తారని గట్టిగా అడిగితే, "నీ వస్తువులు నాను ముట్టకూడదమ్మా. సదువుకున్న ఇల్లు, తెలీక ఏటో ఒకటి సేత్తాను," అని పెట్టేసింది. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు, పక్కింటావిడతో మాట్లాడినట్టు మాట్లాడింది.

ఇల్లు ఇల్లులా లేదు. పప్పులో రాళ్లు వస్తున్నాయి. మా అమ్మని ఫోన్లో తిడితే వినేవాళ్లు లేరు, సగంలోనే ఆపేసేదాన్ని. మా అమ్మే ఒకరోజు కంగారుపడి, "ఒంట్లో బాగుందా నీకు? మాత్ర వేసుకోలేదన్నా ఊరుకున్నావు!" అంది. సూత్రాల గొలుసు తడుముకుంటే పిన్నీసులు లేవు. అవి ఆవిడ కొంగుకే ఉండిపోయాయి. ఆ రోజు ఏడుపు మొహంతో వచ్చి తీసుకోవడం మర్చిపోయాను, ఆవిడా ఇవ్వడం మర్చిపోయింది. బజార్లో కొత్తవి కొనుక్కోవచ్చు. కొనబుద్ధి కాలేదు.

ఇంతలో మేడం పిలిచింది. ఆ కాగితాల మీద ఎడమ చివరనున్న రెండు చిన్న గీతల దగ్గర పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది. "కర్పూరానికి అక్కడ ఒకటే గీత ఉండాలి. నీకు రెండెందుకు వచ్చాయి?" అంది. "నీ గదుల్లో రెండు రకాల స్తంభాలున్నాయి. కర్పూరం కొంత మెగ్నీషియం పక్కన చేరి, కొంత జింకు పక్కన చేరి ఉంటే? ఊహే అనుకో. ఒక్క లోహంతో చేసిన పొడులకి కూడా కర్పూరం పట్టించి చూడు. వాటిల్లో ఒక్కో గీతే వస్తే, నువ్వు రాసుకోవడానికి ఒక విషయం దొరికినట్టే. కర్పూరం లేకుండా శుభ్రం చేసిన పొడి కూడా పెట్టు." మిషన్ మరమ్మతు అనుకున్నదానికంటే ముందే అయిపోయిందట, స్లాటు కోసం తనే మాట్లాడతానంది. కర్పూరం పట్టించడానికి గాలి చొరబడని గాజు జాడీ కూడా బీరువాలోంచి తీసి ఇచ్చింది.

ఆ జాడీతో పని జరిగిపోయేదే. ఆ మాట నేను దాచను. మా ఇంటి కర్పూరం డబ్బాకి ఏ మహిమా లేదు. నాకు కావాల్సింది డబ్బా కాదు, మా అత్తయ్య. ఆదివారం తగరపువలస బస్సెక్కాను.

మా ఆడపడుచు ఇంటికెళ్తే, "అమ్మ మార్కెట్టుకెల్లింది, కూకోమ్మా, టీ ఎడతాను," అంది. నేను కూర్చోలేదు. మార్కెట్లో ఎండుచేపల వరసలో దొరికింది ఆవిడ, ఎండు నెత్తళ్ల గుట్ట దగ్గర గొంతుకూర్చుని బేరం చేస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది. కొంగు అంచుకి నా పిన్నీసులు వరసగా అలాగే ఉన్నాయి.

"ఎండలో ఏటమ్మా ఇలాగొచ్చినావు?" అంది.

గబగబా అంతా చెప్పాను. ఆ కర్పూరం వల్ల ఏదో కొత్త సంగతి తెలిసేలా ఉందనీ, మళ్లీ అలాగే పట్టించమన్నారనీ, మీరొస్తే బాగుంటుందనీ. ఆవిడ అంతా విని తల అడ్డంగా ఊపింది.

"నన్ను ఊరుకోబెట్టడానికి సెప్తన్నావు. అంత సదువుకున్నోల్లకి నా డబ్బా కావాలేటి?"

"అబద్ధం కాదండీ!"

"సరే, ఒకటి అడుగుతాను, నిజం సెప్పు. ఆ రోజు నీకు నా మీద కోపం వొచ్చిందా, రాలేదా?"

"రాలేదండీ," అన్నాను. అలవాటుగా వచ్చేసింది నోట్లోంచి.

"అయితే నాను రాను. ఎల్లు."

బుట్ట అందుకుని నడిచేసింది. వెనకాల పరిగెత్తాను. "వచ్చిందండీ! ఎందుకు రాదు? ఒళ్లు మండిపోయింది!"

ఆవిడ ఆగింది. "మరెందుకు తిట్టలేదు?"

"అత్తగారిని తిడతారేంటండీ ఎవరైనా?"

"మీ అమ్మైతే ఏటనీదానివి?"

"మా అమ్మైతే... చీల్చి చెండాడేదాన్ని."

"అదే సెప్తన్నాను!" అంది. "నువ్వు పాలోడికి మర్యాద సేత్తావు, బస్సోడికి మర్యాద సేత్తావు. ఇంట్లోవోల్లనే తిడతావు. మా అబ్బాయిని తిడతావు, మీ అమ్మని తిడతావు. నీ ఇన్నేల్ల కష్టం నాను నాశనం సేసినాను, అయినా పర్లేదండీ అన్నావు. సారు బాగుందండీ అన్నావు. నాను పాలోడినా?"

ఎండుచేపలమ్మే ఆవిడ బేరం మానేసి మా ఇద్దర్నీ చూస్తోంది. నా కళ్లలో నీళ్లు, ఆవిడ కళ్లలో నీళ్లు. ఏం చెయ్యాలో తోచక, నాకు వచ్చిన పని మొదలుపెట్టాను.

"అసలు మీకు బుద్ధుందా అత్తయ్యా! నా బాక్సు ఎవరు తియ్యమన్నారు? మూత వదులుగా పెట్టానంటే ఎందుకు పెట్టానో అడగొచ్చు కదా, నోరుందిగా? ఊళ్లో అందరితో మాట్లాడతారు, నన్నొక్క మాట అడగరా? పైగా చెప్పా పెట్టకుండా బ్యాగు సర్దుకుని వచ్చేస్తారా? ఇంట్లో పప్పు నిండా రాళ్లే! పళ్లు ఊడిపోతున్నాయి మాకు! నా పిన్నీసులు కూడా పట్టుకొచ్చేశారు!"

గోదావరి గొంతు ఎత్తితే మార్కెట్టంతా వినపడుతుంది. ఆవిడ తల వంచుకుని వింది. నేను ఊపిరి కోసం ఆగగానే, "అయిపోయిందేటి? అంతేనా?" అంది.

"ఇంకా ఉంది, బస్సులో తిడతాను. పదండి."

చేపలావిడ "ఎవురమ్మా, నీ కూతురా?" అని అడిగింది. "కోడలు," అంది మా అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ, ఎంతో గొప్పగా. నెత్తళ్లు మాత్రం బేరమాడిన ధరకే తీసుకుంది.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. ఒక్క లోహంతో చేసిన పొడుల్లో ఒక్కో గీతే వచ్చింది. రెండు లోహాల పొడిలో మళ్లీ రెండూ వచ్చాయి, పక్కపక్కనే. లోకం తలకిందులయ్యే సంగతేం కాదు. నా థీసిస్‌లో ఒక చిన్న అధ్యాయం అయింది. ఆ ఒక్కదానితో పొరుగు ఎవరన్నది తేలిపోదు, శుభ్రం చేసిన పొడి మీద ఇంకా చాలా కొలతలు తియ్యాల్సొచ్చింది. అయితే పరీక్షకొచ్చిన ప్రొఫెసరు గారు మాత్రం కర్పూరం వాడాలన్న ఆలోచన ఎలా వచ్చిందని అడిగారు. "మా ఇంట్లో వచ్చిందండీ," అన్నాను. నవ్వారాయన, వేళాకోళం అనుకుని.

కానీ నాకు గుర్తుండిపోయింది ఆ రెండో స్లాటు రోజు ఉదయం. ముందురోజు సాయంత్రం అత్తయ్య డబ్బాని తోమి, ఆరబెట్టి, అడుగున కర్పూరం బిళ్లలు పరిచింది. సీసాలు లోపల పెట్టే ముందు నా వైపు తిరిగి, "మూతలు వొదులా, బిగువా? ఇప్పుడే సెప్పు," అంది. వదులే అన్నాను. పొద్దున్న ఆవిడ హారతిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను తయారై గుమ్మం దగ్గరికొచ్చి చూస్తే అక్కడెవరూ లేరు. ముట్టకూడదన్న భయం ఆవిడ చేతుల్లోంచి ఇంకా పూర్తిగా పోలేదు. సీసాల వరకు సరే, నేను అడిగాను కాబట్టి. పిన్నీసులు పట్టమని ఎవరూ అడగలేదు.

తగరపువలస బస్సులోనే ఆవిడ తిరిగిచ్చేసిన పిన్నీసుల్ని గొలుసు నుంచి విప్పి చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాను. లోపల గిన్నెల చప్పుడు. మెల్లగా "అత్తయ్యా" అని పిలవబోయి ఆగిపోయాను. గొంతెత్తాను.

"అత్తయ్యా! ఏం చేస్తున్నారు లోపల? బస్సు వెళ్లిపోతుంటే! ఇవి ఎవరి నెత్తిన పెట్టి వెళ్లమంటారు?"

గిన్నె ఠంగున పెట్టిన చప్పుడైంది.

"వొత్తన్నానే, అరవకు!" అంటూ తడి చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, గుమ్మంలో అరచెయ్యి చాపింది.